ఫొటోలో నప్పిన రిమ్ము మీ కారుకు పడుతుందా?

ప్రశ్న: నా దగ్గర 2013 టొయోటా 86 ఉంది. సస్పెన్షన్ కంపెనీదే, ఎత్తు దించలేదు. ఇప్పుడున్నవి కంపెనీ ఇచ్చిన 17×7 రిమ్ములు, 215/45 టైర్లు. ఇలాంటి కారుకే 19×9.5 రిమ్ములు, ఆఫ్‌సెట్ 22, 265/30 టైర్లు వేసిన ఫొటో ఒకటి చూశాను, అప్పటినుంచి మనసంతా దాని మీదే ఉంది. అచ్చం అవే కొలతల రిమ్ములు వాడినవి అమ్మకానికి దొరికాయి. అమ్మే ఆయన "పీసీడీ ఒకటే, హాయిగా పడతాయి" అంటున్నారు. రోజూ ఆఫీసుకు ఈ కారులోనే వెళ్తాను, నెలకోసారి ట్రాక్ మీదికీ తీసుకెళ్తాను. తీసుకోమంటారా? వద్దంటే మరేం తీసుకోవాలి?

జవాబు: వద్దండీ, తీసుకోకండి. అమ్మే ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. పీసీడీ, అంటే నట్ల రంధ్రాల కొలత, మీ కారుకు 5×100, అంటే 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న వలయం మీద ఐదు రంధ్రాలు. ఆ రిమ్ముదీ అదే అయితే హబ్బు (చక్రాన్ని బిగించే ఇరుసు ముఖం) మీద కూర్చుంటుంది, నట్లు బిగుస్తాయి, కారు జాకీ మీద ఉన్నంతసేపు అంతా బాగానే ఉంటుంది. జాకీ దించి, స్టీరింగ్ చివరిదాకా తిప్పి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని గతుకు మీదుగా పోయినప్పుడు మొదలవుతుంది అసలు కథ. "పడతాయి" అంటే ఆయన లెక్కలో నట్లు పట్టడం. మీకు కావలసింది కారు నడవడం.

ఆ ఫొటో సంగతి కూడా చెప్పాలి. అందులో కారు ఆగి ఉంది. దాన్ని ఎంత కిందికి దించారో, చక్రాల పైభాగాన్ని ఎంత లోపలికి వంచారో (క్యాంబర్ అనేది అదే), ఫెండర్ (చక్రం పైన కప్పి ఉండే రేకు) అంచు మడిచారో, అసలు ఫెండర్లే వెడల్పువి వేశారో ఫొటో చెప్పదు. ఆ యజమాని ఆ కారును నెలకు ఎన్ని కిలోమీటర్లు నడుపుతాడో అంతకన్నా చెప్పదు. మీరేమో రోజూ నడిపేవారు, పైగా ట్రాక్ మీదికి వెళ్లేవారు.

ఒక కాగితం తీసుకోండి, లెక్క చాలా సులువు. రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడిమధ్యన గీత గీశారనుకోండి. హబ్బుకు ఆనే ముఖం ఆ గీతకు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. ఆ ముఖం గీత కన్నా బయటివైపు ఉంటే ప్లస్. కాబట్టి అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది, పెరిగేకొద్దీ లోపలికి పోతుంది. మీ ఒరిజినల్ 17×7 రిమ్ములో 17 వ్యాసం, 7 వెడల్పు. ఆ వెడల్పు 7 అంగుళాలు, అంటే 178 మిల్లీమీటర్లు, అందులో సగం 89. ఆఫ్‌సెట్ 48. 89లోంచి 48 తీసేస్తే 41, హబ్బు ముఖం నుంచి బయటి అంచు అంత దూరం. 89కి 48 కలిపితే 137, లోపలి అంచు అంత దూరం. ఇప్పుడు ఆ 9.5 అంగుళాల రిమ్ము చూద్దాం. సగం 121, ఆఫ్‌సెట్ 22, కనుక బయటికి 99, లోపలికి 143. లోపలివైపు 6 మిల్లీమీటర్లే పెరిగింది, అదేం పెద్ద సంగతి కాదు. బయటికి మాత్రం 58 మిల్లీమీటర్లు. టేపు తీసుకెళ్లి మీ ఫెండర్ దగ్గర 58 మిల్లీమీటర్లు కొలిచి చూడండి, ఇంక నేను చెప్పేదేమీ ఉండదు.

ఫెండర్‌కు రాసుకోవడం ఒక్కటే అయితే అంచు మడిచి సర్దుకునేవాళ్లున్నారు. నాకు అంతకన్నా బాధ కలిగించేది స్టీరింగ్. ముందు చక్రం దేని చుట్టూ తిరుగుతుందో ఆ అక్షం రోడ్డును తాకే చోటుకూ, టైరు నడిమధ్య భాగం రోడ్డును తాకే చోటుకూ మధ్య దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. కారు గీసిన ఇంజినీర్లు దాన్ని మిల్లీమీటర్ల లెక్కన చూసుకుని పెడతారు. ఆఫ్‌సెట్ 48 నుంచి 22కు వచ్చిందంటే టైరు నడిమధ్య 26 మిల్లీమీటర్లు బయటికి పోయినట్టు. అప్పుడు రోడ్డులో పడ్డ ప్రతి గాడి కూడా స్టీరింగ్‌ను తనవైపు లాగుతుంది, ఒక చక్రం నీళ్లలో పడి బ్రేకు కొడితే స్టీరింగ్ చేతిలో మెలితిరుగుతుంది, బేరింగుల మీద భారం కూడా పెరుగుతుంది. ఈ కారును జనం కొనుక్కునేదే స్టీరింగ్ కోసం కదా!

ఇక 19 అంగుళాలు. 215/45 ఆర్17 టైరు మొత్తం ఎత్తు సుమారు 625 మిల్లీమీటర్లు. లెక్క ఎలాగంటే, 215 అనేది టైరు వెడల్పు, సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఎత్తు అందులో 45 శాతం, అంటే 97, అది పైన ఒకసారి కింద ఒకసారి, దానికి 17 అంగుళాల రిమ్ము 432 కలపాలి. అదే పద్ధతిలో 265/30 ఆర్19 చేస్తే 642 వస్తుంది. దాదాపు రెండున్నర శాతం పెద్దది, అంటే మీటరు ఇప్పుడు చూపే అదే 100 దగ్గర మీరు నిజానికి మరో రెండున్నర కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంటారు, గేర్లన్నీ ఆ మేరకు పొడవైనట్టు అవుతాయి. మీ కారుది 2 లీటర్ల, 200 హార్స్‌పవర్ ఇంజను, మధ్య ఆర్‌పీఎంలో కాస్త నీరసించే సంగతి మీకు తెలిసే ఉంటుంది. దానికి పెద్ద రిమ్ము, వెడల్పు టైరు బరువు కూడా కడితే పికప్ తగ్గుతుంది. చక్రంలో బరువు అంచు వైపు ఉన్నకొద్దీ తిప్పడానికీ ఆపడానికీ ఎక్కువ కష్టం, 19 అంగుళాల రిమ్ములో లోహమంతా అంచు వైపే చేరుతుంది. సైడ్‌వాల్ కూడా 97 నుంచి 80 మిల్లీమీటర్లకు తగ్గుతుంది కనుక గతుకుల్లో రిమ్ము వంగే అవకాశం ఎక్కువ.

మరేం తీసుకోవాలి అన్నారు. నేనైతే రిమ్ము నుంచి మొదలుపెట్టను, టైరు నుంచి మొదలుపెడతాను. రోడ్డును పట్టుకునేది అదే, రిమ్ము దాన్ని మోసే పళ్లెం మాత్రమే. మీ తరం 86కు కంపెనీ చాలావరకు మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ టైర్లు వేసి అమ్మింది. అది పట్టు కన్నా సౌకర్యం, మన్నిక చూసుకునే రకం. తెత్సుయా తాదా అనే ఇంజినీరు నాయకత్వంలో తయారైన ఈ కారు ఉద్దేశమే తక్కువ పట్టులో, తక్కువ వేగంలో కూడా వెనక భాగాన్ని ఆడించుకునే సరదా ఇవ్వడం. అందుకే ఒక మాట అడుగుతాను, నిజాయితీగా ఆలోచించండి. మీకు పట్టు చాలడం లేదా, లేక చూడ్డానికి బాగాలేదా? పట్టు చాలడం లేదంటే కొత్త రిమ్ములే అక్కర్లేదు, ఉన్న 17×7 మీదే అదే 215/45 కొలతలో మంచి సమ్మర్ టైరు వేస్తే కారు మారిపోయినట్టు ఉంటుంది. టైరు రబ్బరు మిశ్రమం తెచ్చే తేడా పది మిల్లీమీటర్ల వెడల్పు తేలేదు. చూడ్డానికి బాగాలేదంటే అదీ తప్పేం కాదు, మన డబ్బు, మన కారు. కాకపోతే దాన్ని పట్టు పేరుతో కొనకండి.

రెండూ కావాలి అంటారని నాకు తెలుసు, చాలామంది అదే అంటారు. అయితే నా సలహా 17×8, ఆఫ్‌సెట్ 45, టైరు 225/45. లెక్క వేస్తే రిమ్ము అంచు బయటికి 16, లోపలికి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది, టైరు ఎత్తు 634, అంటే ఒకటిన్నర శాతం లోపే. ఆఫ్‌సెట్ 3 మిల్లీమీటర్లే మారింది కనుక స్టీరింగ్ మీకు తెలిసిన స్టీరింగ్‌లాగే ఉంటుంది. ట్రాక్ పిచ్చి బాగా ముదిరితే 17×9 మీద 245/40. దాని ఎత్తు 628, ఒరిజినల్‌కు దాదాపు సమానం. కానీ లోపల స్ట్రట్ (సస్పెన్షన్ కంబం) దగ్గరా బయట ఫెండర్ దగ్గరా చోటు బిగుస్తుంది, క్యాంబర్ సర్దాల్సి రావచ్చు, కనుక కొలవకుండా దిగకండి. కంటికి నిండుగా ఉండాలంటే 18×8, ఆఫ్‌సెట్ 45, టైరు 215/40. రెండో తరం జీఆర్86 పై మోడల్‌కు టొయోటాయే 18×7.5 మీద ఈ 215/40 కొలత ఇచ్చింది, ఎత్తు 629. అంతకు మించి పైకి పోవద్దు.

రిమ్ము వెడల్పుకూ టైరుకూ జోడీ కుదరాలన్నది మర్చిపోవద్దు. ప్రతి టైరు కొలతకూ తయారీదారు ఇన్ని అంగుళాల నుంచి ఇన్ని అంగుళాల రిమ్ముకు అని ఒక పరిధి ఇస్తాడు. 215/45 ఆర్17కు సాధారణంగా 7 నుంచి 8, 225/45కు 7 నుంచి 8.5, 245/40కు 8 నుంచి 9.5. వెడల్పు రిమ్ము మీద సన్న టైరును సాగదీసి ఎక్కించడం ఒక ఫ్యాషన్, ఆ ఫ్యాషన్ ట్రాక్ మీద పనికిరాదు. ఇంకోటి, రిమ్ము అర అంగుళం పెరిగితే అదే టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే 225 అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని రిమ్ముల మీదా 225 ఉండదు. ఒకే కొలత రాసి ఉన్నా కంపెనీ కంపెనీకీ భుజాలు వేరు. ఒకడి టైరు గుండ్రంగా ఉంటుంది, ఇంకొకడిది పెట్టెలా నలుచదరంగా ఉండి ఫెండర్‌కు అదే ముందు తగులుతుంది.

కొలవడం ఎలా అంటే, కారును సమంగా ఉన్న నేల మీద నిలపండి, చక్రాలు తిన్నగా ఉండాలి. ముందు చక్రం లోపల టైరుకూ స్ట్రట్‌కూ అతి దగ్గరగా ఉన్న చోట సందు ఎంతుందో చూడండి, చెయ్యి పట్టకపోతే అలెన్ కీలు ఒక్కోటి దూర్చి ఏది పడుతుందో చూడొచ్చు. బయట ఫెండర్ అంచు నుంచి కిందికి దారం వేలాడదీసి టైరు ఎంత లోపల ఉందో కొలవండి. తర్వాత స్టీరింగ్ ఒక చివరినుంచి ఇంకో చివరికి తిప్పి, టైరు వెనకవైపు ప్లాస్టిక్ లైనర్‌కు ఎంత దగ్గరగా వస్తుందో చూడండి. స్ట్రట్ వైపు కొత్త టైరు వచ్చాక కూడా కనీసం 5 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి, ఎందుకంటే మలుపులో టైరు ఒరుగుతుంది.

సెంటర్ బోర్, అంటే రిమ్ము నడిమధ్యన హబ్బు దూరే రంధ్రం, దాని గురించి అమ్మే ఆయన ఒక్క మాటా అన్నట్టు లేదు. మీ హబ్బుది 56.1 మిల్లీమీటర్లు. బయట దొరికే రిమ్ములు చాలా కార్లకు పట్టాలని 73.1 లాంటి పెద్ద రంధ్రంతో చేస్తారు. ఆ తేడాను నింపే హబ్ రింగులు వెయ్యకపోతే రిమ్ము నడిమధ్యన కూర్చోకుండా ఒక వెంట్రుకవాసి పక్కకు బిగుస్తుంది, బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా వేగం పెరిగేసరికి స్టీరింగ్ వణుకుతుంది. రింగులు చిన్న వస్తువులే, కానీ ట్రాక్ మీద బ్రేకులు కాగినప్పుడు ప్లాస్టిక్ రింగులు మెత్తబడతాయి, కాబట్టి అల్యూమినియంవి తీసుకోండి. మీ హబ్బు కన్నా చిన్న బోర్ ఉన్న రిమ్మయితే అసలు ఎక్కదు. పీసీడీలో కూడా దగ్గరదగ్గర అంకెలతో రాజీ పడకండి. 5×112నీ 5×114.3నీ, 5×98నీ 5×100నీ కంటితో చూసి తేడా చెప్పలేం, నట్టు మాత్రం వంకరగా కూర్చుంటుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట నా కారుకు పీసీడీ, ఆఫ్‌సెట్, బోర్ అన్నీ సరిపోయిన రిమ్ములు తెప్పించి, ఉత్సాహం ఆగక నేరుగా టైర్లు ఎక్కించి బ్యాలెన్సింగ్ చేయించాక తీసుకొచ్చి బిగించాను. ముందు చక్రం చేత్తో తిప్పితే కర్రుమంది. స్పోక్ లోపలి వంపు బ్రేకు కాలిపర్‌కు (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగానికి) తగులుతోంది. టైరు ఎక్కించిన రిమ్ము వెనక్కి తీసుకోం అన్నారు అమ్మినవాళ్లు, వాళ్ల తప్పూ లేదు, ఆ మాట బిల్లు మీదే రాసి ఉంది. ఆఫ్‌సెట్ ఒకటే అయినా స్పోకు ఎలా వంగి ఉందన్నది డిజైన్‌ను బట్టి మారుతుంది, ఆ సంగతి ఏ అంకెలోనూ కనిపించదు. రిమ్ము పెద్దదైతే కాలిపర్ పైన చోటు పెరుగుతుందే తప్ప స్పోకు దగ్గర చోటు పెరుగుతుందన్న హామీ లేదు. కాబట్టి ముందు ఖాళీ రిమ్మును బిగించి చూడండి. కాలిపర్ మీద పిల్లలు ఆడుకునే మైనపు మట్టి ముద్ద అతికించి, రిమ్ము తొడిగి, ఒక చుట్టు తిప్పి ఊడదీస్తే ఎంత మందం మిగిలిందో అదే మీ ఖాళీ. 3 మిల్లీమీటర్లు ఉండాలి. పెద్ద బ్రేకులు వేసే ఆలోచన ఉంటే ముందు అవి వేశాకే రిమ్ముల జోలికి వెళ్లండి.

ఖాళీ చాలకపోతే స్పేసర్ (హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్ల) వేద్దాం అంటారు ఎవరో ఒకరు. 3 మిల్లీమీటర్లది అయితే సరే, కానీ స్పేసర్ ఎంత మందమో స్టడ్డు (హబ్బు నుంచి బయటికి ఉండే బోల్టు) మీద నట్టుకు దొరికే మరలు అంత తగ్గుతాయి, హబ్బు మీద రిమ్ము కూర్చునే పెదవి కూడా తగ్గుతుంది. మీ స్టడ్డు 12 మిల్లీమీటర్లది, పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం) 1.25. నట్టు స్టడ్డు మందమంత లోతు ఎక్కాలన్నది మంచి లెక్క, అంటే దాదాపు పది పూర్తి చుట్లు. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. పది రాకపోతే పొడుగు స్టడ్డులు వెయ్యాలి. నట్టు కూర్చునే ఆకారం కూడా చూడాలి. బయటి రిమ్ములు ఎక్కువ భాగం 60 డిగ్రీల శంఖాకారపు నట్టుకు చేసినవి, కొన్ని కార్ల ఒరిజినల్ నట్లు గుండ్రటి మొనవి, కొన్ని చదునువి. ఆకారం కుదరకపోతే నట్టు బిగిసినట్టే ఉండి తర్వాత వదులవుతుంది.

వాడిన రిమ్ముల మీద నాకు పగేమీ లేదు, మంచివి దొరుకుతాయి. కొనేముందు నాలుగింటినీ బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పించి వంకర చూడండి, లోపలివైపు పెయింటు కింద వెల్డింగ్ మచ్చలు, స్పోకు మొదళ్ల దగ్గర వెంట్రుకల్లాంటి బీటలు వెతకండి. కొత్తగా రంగు వేసిన రిమ్మంటే నాకు అనుమానం ముందు, ముచ్చట తర్వాత. వెనక జేడబ్ల్యూఎల్, వీఐఏ అనే జపాన్ పరీక్షల ముద్రలు, ఎన్ని కిలోల భారం మోస్తుందో ఆ అంకె ఉన్నాయా చూడండి. పేరున్న రిమ్ములకు నకళ్లు బోలెడు, ముద్రలూ నకలు చేస్తారు, అందుకే తూకం కూడా వేసి, అసలు కంపెనీ చెప్పిన బరువుతో పోల్చండి. ట్రాక్‌కు వెళ్తారు కనుక, వీలైతే పోత రిమ్ము కన్నా ఫ్లో ఫార్మింగ్ పద్ధతిలో చేసినవి తీసుకోండి. పోత పోశాక అంచు భాగాన్ని వేడి మీద తిప్పుతూ రోలర్లతో నొక్కి సాగదీస్తారు, అందువల్ల తక్కువ లోహంతో ఎక్కువ బలం వస్తుంది. ఫోర్జ్డ్ (పోత పోయకుండా లోహపు దిమ్మను గట్టిగా నొక్కి చేసినది) ఇంకా బలం, ఖరీదు కూడా అలాగే ఉంటుంది.

టైరు కొనేటప్పుడు కొలత పక్కన ఉండే అంకె, అక్షరం చూడండి. మీ కారుకు వచ్చిన 87డబ్ల్యూలో 87 అంటే ఒక్కో టైరు 545 కిలోలు మొయ్యగలదని, డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం దాకా అని. డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నదానికి తగ్గకుండా తీసుకోండి. సైడ్‌వాల్ మీద నాలుగంకెల తారీఖు ఉంటుంది, 2324 అంటే 2024లో 23వ వారం. సమ్మర్ టైరు రబ్బరు 7 డిగ్రీల కన్నా చలి ఉంటే బిగుసుకుపోయి పట్టు కోల్పోతుంది, మీరుండే చోట అంత చలి వేస్తే ఆ కాలానికి వేరే టైర్లు ఉండాల్సిందే. నాలుగూ ఒకే కొలత, ఒకే రకం వెయ్యండి. వెనక మాత్రం వెడల్పువి వేస్తే కండలు తిరిగినట్టు కనిపిస్తుంది, కానీ మలుపులో ముందు భాగం జారడం మొదలుపెడుతుంది, పైగా ముందువి వెనకకు మార్చి అరుగుదల సమం చేసుకునే వీలూ పోతుంది.

బిగించేటప్పుడు టార్క్ రెంచ్ వాడమనండి, మాన్యువల్‌లో ఉన్న అంకెకే. 80–100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి చూడాలి, కొత్త రిమ్ము కాస్త కూర్చుంటుంది. అలైన్‌మెంట్ చేయించండి. పాత రిమ్ముల్లో గాలి ఒత్తిడి సెన్సర్లుంటే అవి కొత్తవాటిలోకి మార్చాలి. ఇన్సూరెన్స్‌వాళ్లకు కొలత మారిందని ముందే చెప్పండి, మీ దగ్గర రూల్స్ ఎంతవరకు ఒప్పుకుంటాయో కూడా చూసుకోండి.

ఇవన్నీ చదివాక కూడా ఆ 19 అంగుళాలే కళ్లముందు మెదులుతుంటే ఒక పని చెయ్యండి. అమ్మే ఆయన్ని ఒక్క ముందు రిమ్ము, టైరుతో సహా, మీ కారుకు బిగించి చూడనివ్వమనండి. కారు దించి, స్టీరింగ్ చివరిదాకా తిప్పి, ఆ మూల ఇద్దరు గట్టిగా కిందికి అదమండి. ఫెండర్ అంచు టైరు మీద ఎక్కడ ఆనుతుందో అక్కడ చాక్‌పీసుతో గీత గీసి ఆయనకే చూపించండి.